రాళ్లపల్లివారి లోకదర్శనము

దర్శనమను మాట మన యాత్రికుల నోట నిత్యము నానుచుండునది. గోవిందనామము పలుకుచు కొండమెట్లెక్కి, గంటల తరబడి వరుసలో నిలిచి, కులశేఖరపడికి ఈవల నుండి ఒక్క క్షణకాలము స్వామిని కన్నులార చూచివచ్చిన గృహస్థుడు తనకు దర్శనమైనదని తృప్తితో చెప్పుకొనును. పాఠశాలలో తర్కవేదాంతములు చదువుకొను విద్యార్థికి ఆ మాటయే మరియొక అర్థము నిచ్చును. సాంఖ్యమొక దర్శనము, న్యాయమొక దర్శనము, భగవద్రామానుజుల విశిష్టాద్వైతమొక దర్శనము. రెండర్థములకును మూలము చూచుటను తెలుపు దృశ్ ధాతువే. జీవుడేమి, జగత్తేమి, ఈశ్వరుడేమి, ఈ మూటికి గల సంబంధమేమి యని మనుష్యుడు లోకమును మొత్తముగ చూచు చూపునకు మన పూర్వులు దర్శనమని పేరు పెట్టిరి.

పాశ్చాత్యులకు ఈ భావమును చెప్పు పదము చాల ఆలస్యముగ దొరకినది. జర్మను తత్త్వవేత్త కాంటు 1790లో వెలువరించిన గ్రంథమున లోకమును చూచుట యను అర్థమిచ్చు సమాసమొకటి తొలిసారి కనబడినది. తరువాతివారు దానిని పెంచిరి. 1911లో మరణించిన డిల్తై యను పండితుడు మానవుల లోకదృష్టులను మూడు తెగలుగ విభజించి చూపెను. ఏ చూపును సంపూర్ణము కాదనియు, ప్రతి చూపును ఒక జీవితానుభవమునుండి పుట్టినదే యనియు అతని అభిప్రాయము. ఇచ్చట ఒక చిక్కు కలదు. ప్రతివాడును తాను నిలిచిన చోటినుండియే చూచునపుడు, ఎదుటివాని చూపును ఉన్నదున్నట్లు తెలిసికొనుట ఎట్లు? తెలిసికొనినచో తన చూపు నిలుచునా, సడలునా? భక్తులకు ఈ ప్రశ్న వట్టి తర్కము కాదు. పరమతగ్రంథము చేతబట్టిన కుమారుని చూచి తల్లిదండ్రులు కలవరపడని ఇల్లు అరుదు.

ఈ ప్రశ్నకు వాదముతో గాక జీవితముతో సమాధానము చెప్పిన పండితుడొకరు అనంతపురము సీమలో పుట్టిరి. వారు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు.

కళ్యాణదుర్గము ప్రాంతమున, కంబదూరు చెంతనున్న రాళ్లపల్లి గ్రామమున 1893 జనవరి 23న వారు జన్మించిరి. ఆ సీమను గూర్చి కొంత చెప్పక తప్పదు. నైరృతి ఋతుపవనములు పడమటి కనుమల మీదనే కురిసి, ఈవలికి దిగునప్పటికి వట్టిపోవును. ఈశాన్య ఋతుపవనములు తూర్పు తీరమున కురిసి, ఇంతదూరము వచ్చునప్పటికి సన్నగిల్లును. రెంటి నడుమ చిక్కిన ఆ పీఠభూమికి ఏటికి సగటున దక్కు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియైనను అదునుకు కురియునన్న నమ్మకము లేదు. 1800లో నైజాము కుంఫిణీవారికి వదలుకొనిన దత్తమండలములలోని ఈ భాగము 1882లో బళ్లారినుండి విడిపడి ప్రత్యేకమైన జిల్లాయైనది. శర్మగారు పుట్టుటకు పదునేడేండ్ల ముందు ధాత సంవత్సరమున మొదలైన కరువు ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టినది. వారి బాల్యమున పెద్దలు వయస్సులు లెక్కించునపుడు ధాత కరువునకు ముందా వెనుకయా యని అడుగుకొనెడివారన్నచో ఆశ్చర్యము లేదు.

అట్టి నేలమీద మనుష్యుడు ఆకాశమువంక చూచు చూపే వేరు. కదిరిలో లక్ష్మీనరసింహస్వామి, పెన్నయొడ్డున పెన్నహోబిలములో మరల ఆ స్వామియే, తాడిపత్రిలో చింతల వేంకటరమణుడు, ఇట్లు అడుగడుగునను ఆ ప్రజ శ్రీహరిని నమ్ముకొని కరువులు గడపినది. ఆ కదిరి పరిసరములలోనే కటారుపల్లి యను పల్లె కలదు. 2022లో జిల్లాలు విడిపోయిన తరువాత ఆ రెండును శ్రీ సత్యసాయి జిల్లాలోనికి వచ్చినవి. కటారుపల్లిలో నున్నది వేమన్న సమాధి. గుడిలోని రాతికి మ్రొక్కుట యేలయని అడిగినవాడును, ఆ రాతిలోనే పరమాత్మ ఉన్నాడని కన్నీరు కార్చినవాడును ఒక్క కరువునేల బిడ్డలే. ఈ రెండు చూపులును శర్మగారి జీవితములో కలిసికొనినవి.

తండ్రి కర్నమడకల కృష్ణమాచార్యులవారు సంస్కృతాంధ్రములు తెలిసిన శ్రీవైష్ణవులు. తల్లి అలమేలుమంగమ్మగారు. తల్లి పేరే తిరుచానూరు అమ్మవారి పేరగుట, ఆ కుమారుడు వార్ధక్యమున అలమేలుమంగాపతి పాటలకు స్వరములు కట్టుట, తలచుకొనిన కొలది ముచ్చట గొలుపును. ఆమెకు పాటలు చాల వచ్చును. సంగీతపు తొలిపలుకులు ఆమె కంఠమునుండియే బాలునికి అబ్బినవి. ఊరిలో మేఘము దొరకకున్నను ఇంటిలో పాటకు కొరత లేదు.

పిమ్మట చదువునకై బాలుడు మైసూరు చేరెను. ఆ నగరమున శ్రీ పరకాలమఠము కలదు. వేదాంతదేశికుల సంప్రదాయమునకు పెద్దపీటయై, మైసూరు రాజులకు గురుపీఠమై, శ్రీలక్ష్మీహయగ్రీవుని ఆరాధనకు నిలయమైన ఆ మఠమునకు ఆనాడు శ్రీకృష్ణ బ్రహ్మతంత్ర పరకాలస్వామివారు అధిపతులు. వారు మహాలంకారికులు. అలంకార మణిహారమను గ్రంథమున ఒక్కొక్క అలంకారమునకు ఉదాహరణముగ శ్రీనివాసుని స్తుతించు శ్లోకములనే రచించి చేర్చిన వైష్ణవరసికులు. వారి పాదములకడ అనంతకృష్ణుడు సంస్కృతము, ప్రాకృతము చదివెను.

ఇచ్చట ఆ చదువుయొక్క తీరును కొంత గుర్తుచేసికొనవలెను. శర్మగారి తరువాతి జీవితమునకంతకు బీజము దానిలో నున్నది. మన శాస్త్రములలో సిద్ధాంతమునకు ముందు పూర్వపక్షము వచ్చును. పూర్వపక్షమనగా ప్రతివాది మాట. దానిని చెప్పునపుడు ప్రతివాది పక్షమున నిలిచి, అతడే వచ్చి చెప్పినను ఇంతకంటె బాగుగ చెప్పలేడన్నట్లు చెప్పవలెను. బలహీనముగ చెప్పి ఖండించినవానిని సభలో పండితులు మెచ్చరు. శ్రీభాష్యము తొలి అధికరణమునందే భగవద్రామానుజులు లఘుపూర్వపక్షమని, మహాపూర్వపక్షమని రెండు మారులు పరమతమునకు నోరిచ్చిరి. మహాపూర్వపక్షమును చదువు పిల్లవాడు, ఇక దీనికి సమాధానమే లేదేమో యని భయపడునంత నిండుగ అద్వైతవాదము అచ్చట పలికినది. ఆ భయము కలిగిన తరువాతనే మహాసిద్ధాంతము రుచించును. విజయనగర సామ్రాజ్యపు తొలినాళ్లలో, 14వ శతాబ్దిలో, మాధవాచార్యుల పేర వెలసిన సర్వదర్శనసంగ్రహమును ఈ పద్ధతినే నడచినది. పదునారు దర్శనములను వరుసగ చెప్పుచు, అన్నిటికంటె ముందు చార్వాకునికి ఆసనము వేసినది. దేవుడు లేడన్నవాని మాటను వినకుండ దేవుని గూర్చిన గ్రంథమును ప్రారంభింపలేదు.

ఎదుటివాని చూపులో నిలిచి చూచి, మరల తన చోటికి తిరిగి వచ్చుటను నేర్పు విద్య ఇది. మఠములలో ఇది వాదవిద్యగ ఉండెను. శర్మగారు దీనిని సాహిత్యమునకు, అటుపై సంగీతమునకు మరల్చుకొనిరి.

1912లో మైసూరు మహారాజా కళాశాలయందు వారు తెలుగు పండితులైరి. అందులకు కారకులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. రెడ్డిగారి చూపు వేరు. ఆయన కేంబ్రిడ్జిలో చదివివచ్చిన హేతువాది, నిష్ఠురమైన విమర్శకుడు. అనంతపురము చెంత బుక్కరాయసముద్రము చెరువు తెగనున్న వేళ ఊరికొరకు ప్రాణమర్పించిన కోడలి కథను ముసలమ్మ మరణమను కావ్యముగ రచించి ఆ సీమతో ఋణానుబంధము కలుపుకొన్నవాడు. నామము ధరించి, పంచకచ్ఛము కట్టి, మఠమునుండి వచ్చిన పందొమ్మిదేండ్ల యువకునిలో ఆయన ఏమి చూచెనో గాని, ఎంపిక తప్పు కాలేదు. 1949 వరకు శర్మగారు ఆ కళాశాలను విడువలేదు.

ఆనాటి మహారాజా కళాశాల దర్శనములకొక సంతవంటిది. భారతీయ తత్త్వశాస్త్రమును అరటిపండు ఒలిచినట్లు చెప్పిన హిరియన్నగారు అచ్చట సంస్కృతాచార్యులు. 1918 మొదలు 1921 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు తత్త్వశాస్త్రాచార్యులు. హైందవుల జీవితదృష్టి యిట్టిదని ఆక్సుఫర్డులో పాశ్చాత్యులకు ఉపన్యసించుట 1926లో గాని జరుగలేదు. ఆ ఆలోచనలకు పదును పెట్టిన కాలములో మైసూరు కూడ నున్నది. ఇంగ్లీషు తత్త్వశాస్త్రము ఒక గదిలో, మీమాంస మరొక గదిలో వినబడు ఆ కళాశాలయందు తెలుగు పండితుని జీతము పెద్దది కాదు, గౌరవము అంతకంటె పెద్దది కాదు. ఆ కాలమున ఏ కళాశాలలోనైనను దేశభాషా పండితుల స్థితి యదియే. శర్మగారు చీకాకుపడక సాయంకాలములు బిడారము కృష్ణప్ప మున్నగు విద్వాంసుల సన్నిధిలో సంగీతమునకు వినియోగించుకొనిరి. కన్నడము వారికి రెండవ మాతృభాషయైనది. ఆ భాషలోను రచనలు చేసిరి.

ఇక 1928వ సంవత్సరమునకు రావలెను. ఆ యేటి నవంబరులో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావుగారి సూచనచే దత్తమండలములకు రాయలసీమయను పేరు వచ్చినది. ఎవరో ఎవరికో దత్తమిచ్చిన నేలయను అపకీర్తి తొలగి, రాయలు ఏలిన నేలయను గౌరవము కలిగినది. తన్ను తాను ఏ పేరున చూచుకొనవలెనో ఆ సీమ నిర్ణయించుకొనిన ఆ యేటనే, ఆంధ్ర విశ్వవిద్యాలయము పక్షమున అనంతపురములో శర్మగారు వేమన్నపై ఏడు ఉపన్యాసములిచ్చిరి. పిమ్మట అవి గ్రంథమై నేటికిని చదువబడుచున్నవి.

ఈ పని ఆనాడెంత కష్టమో నేటివారికి తోచకపోవచ్చును. తెలుగు ఇంటిలో వేమన పద్యము రాని పిల్లవాడు లేడు. ఐనను వేమన్నను బడిలోనికి రానిచ్చినంతగ పూజగదిలోనికి రానీయరు; పండితసభలోనికి అసలే రానీయరు. ప్రాచీన లాక్షణికులు అతనిని కవిగ లెక్కింపలేదు. అతని పద్యములను ఏర్చికూర్చి, ఆంగ్లానువాదముతో 1829లో అచ్చువేయించిన దొర బ్రౌను. మనవారు చేయని పనిని ఆయన చేసెను. వేమన్న శైవులను, వైష్ణవులను ఒక్క కఱ్ఱతో కొట్టినవాడు. విగ్రహములను, తీర్థయాత్రలను, బోడితలలను, కులగర్వమును వదలిపెట్టక గేలిచేసినవాడు. తిరుమణి ధరించిన శ్రీవైష్ణవుడు, పరకాలమఠ శిష్యుడు, అట్టివానిని గూర్చి ఏడు దినుసుల ప్రసంగము చేయుటయనగా ఇరువైపులను శంకకు చోటున్నది. మనవాడు చెడిపోయెనేమో యని ఒకరు, ఇతడు వేమన్నను చెరుపునేమో యని మరియొకరు.

సులభమైన దారులు రెండున్నవి. వేమన్న నాస్తికుడని ముద్రవేసి త్రోసివేయుట యొకటి. అతని మాటలన్నియు వేదాంతార్థమే యని పూతపూసి తనవానిగ చేసికొనుట రెండవది. ఈ రెండవదారి భక్తిమంతులకు మిక్కిలి ప్రియమైనది. పైకి ఉదారముగ కనిపించును, కాని ఎదుటివానికి నోరు లేకుండ చేయుటలో అది మొదటిదానికంటె తక్కువ కాదు. ఆ కాలమున సంఘసంస్కర్తలు కొందరు మూడవదారి త్రొక్కి, వేమన్నను తమ సభకు ప్రచారకునిగ మార్చుకొనిరి.

శర్మగారు ఈ దారులను విడిచి, పూర్వపక్షపు పద్ధతిని పట్టిరి. కట్టుకథలకంటె పద్యములలోని అంతస్సాక్ష్యమునే ఎక్కువగ నమ్మిరి. వేమన్న పుట్టిన సీమ ఎట్టిది, కాలమెట్టిది, అతని పలుకుబడి ఏ పల్లెది, అతడు నవ్వినపుడు ఆ నవ్వు ఎవరిమీదిది, ఇట్లు అడుగుచు పోయిరి. తాము పుట్టినది ఆ నేలయే గనుక, ఆ పద్యములలోని కరువును, కోపమును వారు పుస్తకమునుండి నేర్చుకొనవలసిన పనిలేకపోయినది. వేమన్న భోగి, స్వర్ణవిద్య కొరకు తిరిగినవాడు, తుదకు యోగి. పద్యములలో పరస్పరవిరోధము కనబడుటకు కారణము అవి ఒక్కనాటివి కాకపోవుటయే యని గ్రహించినచో సగము చిక్కు విడిపోవును. పాదరసమును గూర్చి, హేమతారక విద్యను గూర్చి అతడు చెప్పిన మాటలను చూచి నవ్వు పండితులు సర్వదర్శనసంగ్రహమును తెరచి చూడవలెను. అందు రసేశ్వరదర్శనమని పాదరసవాదులకును ఒక అధ్యాయము గలదు. పదునారింటిలో వారును ఒకరు.

శర్మగారు వేమన్నను కవియని నిస్సంకోచముగ ఒప్పుకొనిరి. హాస్యమును మెచ్చిరి. మోటుదనమును దాచలేదు. అలంకారశాస్త్రమును పరకాలస్వామివారి యొద్ద చదివిన శిష్యుడు, అలంకారము నెరుగని కవికి ఈ గౌరవమిచ్చుట విశేషము. కావ్యలక్షణములతో కొలిచినచో వేమన్న నిలువడు. కాని కొలతబద్దను మార్చుకొనక, కొలవబడు వస్తువును తప్పుపట్టువాడు రసికుడు కాడు.

ఇంత చేసి వారు తమ చోటినుండి కదలిరా? నామము చెరిగినది లేదు, అనుష్ఠానము తప్పినది లేదు. రాతియందు దేవుడెక్కడయని వేమన్న అడిగిన ప్రశ్నను వైష్ణవుడు చెవులు మూసికొనక వినవలెను. విన్నచో మన ఆచార్యులు అర్చావతారమును గూర్చి ఏల అంతగ చెప్పిరో అప్పుడు బోధపడును. పరవ్యూహాదులలో అందరానివాడు, భక్తుడు స్నానము చేయించిన స్నానమాడి, పెట్టినది ఆరగించి, తలుపు మూసిన లోపల నుండి, తన్ను తాను అర్చకుని చేతికి ఒప్పగించుకొనుట సౌలభ్యమునకు పరాకాష్ఠయని వారు చెప్పిరి. రాయి దేవుడైనదని వారనలేదు, దేవుడు రాతివరకు దిగివచ్చెననిరి. ప్రశ్నను విననివానికి ఈ సమాధానపు బరువు తెలియదు. అలవాటుచే మ్రొక్కువాడు వేమన్న నోట చిక్కుకొనునుగాని, తెలిసి మ్రొక్కువానికి వేమన్న మేలే చేయును. అట్లే కులగర్వమును అతడు తిట్టిన తిట్టు, తిరుప్పాణాళ్వారును అర్చకుని భుజములపై గుడిలోనికి రప్పించుకొనిన శ్రీరంగనాథుని దాసులకు ఏల బాధ కలిగింపవలెను?

శర్మగారి ఈ చూపు వేమన్నతో ఆగలేదు. తెనాలి రామకృష్ణుని పాండురంగ మాహాత్మ్యమున నిగమశర్మ కథ కలదు. దుర్వ్యసనియైన తమ్ముని మరల్చుటకై అత్తవారింటినుండి అక్క వచ్చును. బుజ్జగించి, అన్నముపెట్టి, బుద్ధి చెప్పును. అతడు మారినట్లు నటించి, ఒకనాటి రాత్రి ఇంటిలోని సొమ్ములన్నియు, అక్కవి సైతము, ఎత్తుకొనిపోవును. కవి ఆమెకు పేరు పెట్టలేదు. కథయంతయు నిగమశర్మ వైపునుండి, అతడు తుదకు పొందిన సద్గతి వైపునుండి నడచినది. శర్మగారు నిగమశర్మ అక్కయను వ్యాసమున ఆ పేరులేని ఆడుబిడ్డవైపు నిలిచి కథను చూచిరి. అంతకుముందు ఆ కావ్యమును నూర్లమంది పండితులు చదివియుందురు. ఆ వ్యాసము వచ్చిన తరువాత ఆ అక్కను చూడకుండ ఆ కథను చదువుట ఎవరికిని సాధ్యము కాలేదు. తెలుగులో విమర్శయను పేర వెలసిన వ్యాసములలో ఇంత చిన్నది, ఇంత గొప్పది మరియొకటి చూపుట కష్టము.

ప్రాకృతపు చదువును వ్యర్థము కానీయలేదు. హాలసాతవాహనుడు కూర్చిన గాథాసప్తశతి పల్లెటూరి కాపుల, వేటగాండ్ర, వారి ఇల్లాండ్ర మాటలతో నిండిన ముత్తెముల పేటిక. శ్రీనాథుడు నూనూగు మీసాల ప్రాయమున దానిని తెనిగించితినని చెప్పుకొనెను గాని ఆ తెనిగింపు మనకు దక్కలేదు. శర్మగారు శాలివాహన గాథాసప్తశతీ సారమని ఆ లోటును కొంత తీర్చిరి. మఠములో చదివినవారు శృంగారగాథలను తెనిగింపవచ్చునాయని కొందరికి తోచవచ్చును. శృంగారమునకు కన్నులు మూసికొనువాడు అన్నమయ్య దరికి పోలేడని చెప్పినచో చాలును. రాయలనాటి రసికతను గూర్చిన వారి వ్యాసము, నాటకములపై ఉపన్యాసములు, కాకతీయ గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని రచించిన నృత్తరత్నావళికి తెలుగు చేత, ఇవియన్నియు వేరుగ వ్రాయదగిన విషయములు.

కళాశాలనుండి విశ్రాంతి పొందిన మరుసటి యేడు, 1950లో, తిరుపతి వారిని పిలిచినది. తిరుమల ఆలయములో భాష్యకారుల సన్నిధి చెంతనున్న సంకీర్తన భాండారమునుండి వెలికివచ్చిన రాగిరేకులు అప్పటికి కొన్నియే అచ్చుకెక్కినవి. తాళ్లపాక అన్నమాచార్యులవారి (1408-1503) సంకీర్తనలను వారి కుమారులు పెదతిరుమలాచార్యులు మున్నగువారు రాగిపై చెక్కించి స్వామి సన్నిధిని భద్రపరచిరి. ముప్పదిరెండు వేల సంకీర్తనలని వాడుక. దొరకినవి అందులో సగమునకు లోపే. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, పిమ్మట వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఆ రేకుల పరిష్కరణమునకు దారివేసిరి. 1950లో ప్రభాకరశాస్త్రిగారు దివంగతులైరి. ఆ భారము శ్రీవేంకటేశ్వర ప్రాచ్య పరిశోధనాలయమున శర్మగారి భుజములపై పడినది.

రాగిరేకును చదువుట తాటాకును చదువుటకంటె తేలిక యని ఎవరును తలపరాదు. పదమునకు పదమునకు నడుమ ఎడము లేదు; చెక్కినవాని పొరపాటు ఎక్కడ, అన్నమయ్య పలుకుబడి ఎక్కడ, తెలిసికొనుటకు రాయలసీమ మాట తెలిసియుండవలెను. ఆ మాట శర్మగారికి ఉగ్గుపాలతో అబ్బినది. పండితులు తప్పని దిద్దబోవు ఎన్నియో రూపములు ఆ సీమ పల్లెలలో నేటికిని బ్రతికియున్నవి. సంపుటము వెంట సంపుటముగ వారు పరిష్కరించిరి.

అంతకంటె కఠినమైనది సంగీతము. రేకుమీద పాటకు పైన రాగము పేరు కలదు, అంతే. స్వరము లేదు. కొన్ని రాగములు నేటి గాయకులకు పరిచితమైనవే కావు. నాలుగు వందల ఏండ్లకు పైబడి ఎవరును పాడక మూగవోయిన పాటకు గొంతునిచ్చునపుడు, అన్నమయ్య పాడిన వరుస ఇదియేయని ఎవరు చెప్పగలరు? శర్మగారు అట్లు చెప్పుకొనలేదు. నూటికిపైగ సంకీర్తనలకు వరుసలు కట్టి స్వరపరచి ప్రకటించిరి. అవి తమ కూర్పులే. కాని కూర్చునపుడు వేమన్న విషయమున పట్టిన పద్ధతినే పట్టిరి. ఈ పాటలో అన్నమయ్య ఎక్కడ నిలిచి స్వామిని చూచుచున్నాడని మొదట తేల్చుకొనవలెను. తల్లియై జోల పాడుచున్నాడా, దంపుళ్ల పాట పాడు పల్లెపడుచై రోకలి పోటు వేయుచున్నాడా, అలిగిన నాయికయా, దినములు వ్యర్థముగ గడచినవని వగచు ముదుసలియా? నిలిచిన చోటు తేలిన గాని రాగము అతకదు. అధ్యాత్మమని, శృంగారమని రేకులలో రెండు తెగలుగ నున్నను, రెంటను చూచుచున్నది ఒక్క స్వామినే. విశిష్టాద్వైతులు జగత్తును భగవంతుని శరీరమందురు. ఆ మాటను శ్రీభాష్యములో చదువుట వేరు, రోకలిపోటులో వినుట వేరు.

వేమన్నను విన్న చెవియే అన్నమయ్యను విన్నది. ఇద్దరును పల్లెమాటనే పలికినవారు, ఇద్దరును కులగర్వమును కాదన్నవారు. ఒకడు గుడిబయట నిలిచెను, ఒకడు గర్భగృహపు గడపపై నిలిచెను. ఇద్దరును ఒక్కటే చెప్పిరని శర్మగారి గ్రంథములు చదివి ఎవరైనను తేల్చినచో వారు సరిగ చదువలేదనవలెను. గుడి తలుపునకు లోపల ఒకచూపు, వెలుపల ఒకచూపు. తలుపునకు రెండువైపులను తెలిసినవారు శర్మగారు, కాని రాత్రి విశ్రమించినది లోపలివైపుననే.

గౌరవములు ఆలస్యముగ వచ్చినవి. 1974లో మదరాసు సంగీత విద్వత్సభ వారిని సంగీత కళానిధి బిరుదుతో సత్కరించినది. అప్పటికి వారికి ఎనుబదియొక్క యేండ్లు. తరువాతి కాలము బెంగుళూరులో గడచినది. తిరుమల తిరుపతి దేవస్థానమువారు వారిని ఆస్థాన విద్వాంసులుగ గౌరవింప నిశ్చయించి, 1979 మార్చి 11న బెంగుళూరులో ఆ సన్మానమును జరిపిరి. ఆ దినముననే శర్మగారు పరమపదించిరి.